రెండు కంపెనీలు కలిశాక కొత్త ఎస్‌ఓపీ (విమానం నడిపే నిర్ణీత పద్ధతి) ఒంటబట్టించుకోవడం ఎలా: లైన్ పైలట్ల కోసం సమగ్ర మార్గదర్శి

"అన్నా, మెర్జర్ అయిపోయింది. ఐప్యాడ్‌లో కొత్త మాన్యువల్స్ అన్నీ ఒకేసారి పడ్డాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?"

2024 అక్టోబర్ 1న ఏఐఎక్స్ కనెక్ట్ (మునుపటి ఎయిర్‌ఏషియా ఇండియా) ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో, నవంబర్ 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేనూ ఒక మెర్జర్ దాటినవాణ్ణే. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. అప్పుడు నేను చేసిన పొరపాట్లు, తర్వాత పనికొచ్చిన పద్ధతి, రెండూ కలిపి రాస్తున్నాను. ఎయిర్‌బస్ 320 నడిపేవాణ్ణి కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా దాని నుంచే వస్తాయి, బోయింగ్ వాళ్లు తమకు తగ్గట్టు మార్చుకోండి.

సీనియారిటీ లిస్టు, జీతం, ఎవరు ఎవర్ని మింగారు, ఆ గొడవలు ఇక్కడ లేవు. కాక్‌పిట్ తలుపు వేశాక ఏం చేయాలన్నదే ఉంది.

ఇంకో మాట. ఇది చదువుకునే పద్ధతి మాత్రమే. మీ కంపెనీ మాన్యువల్‌కీ ఇక్కడ రాసినదానికీ ఎక్కడ తేడా వచ్చినా మాన్యువల్‌దే మాట.

## 1. విమానానిది ఏది, కంపెనీది ఏది: ముందు విడదీయండి

మాన్యువల్‌ని మొదటి పేజీ నుంచి నవలలా చదవడం మొదలుపెడితే మూడో రోజుకి నిద్రొస్తుంది. ముందు విషయాల్ని మూడు కుప్పలుగా వేరు చేయండి.

మొదటి కుప్ప, మారనివి. ఇంజిన్ లిమిట్స్, సిస్టమ్స్, మెమరీ ఐటమ్స్ (అత్యవసరంలో పుస్తకం చూడకుండా చేయాల్సినవి). ఇవి విమానం తయారు చేసినవాళ్లు చెప్పినవి, బోర్డు మీద కంపెనీ పేరు మారిందని హైడ్రాలిక్ పంపు పనిచేసే తీరు మారదు. ఎఫ్‌కామ్ (విమానం నడిపే మాన్యువల్), క్యూఆర్‌హెచ్ (అత్యవసరాల చేతిపుస్తకం), ఈ రెండింటిలో చాలా భాగం ఇదే. అలాగని పూర్తిగా నమ్మేయకండి, వాటిలోనూ కంపెనీ తనకు కావలసినట్టు మార్పించుకున్న పేజీలు కొన్ని ఉంటాయి.

రెండో కుప్ప, పూర్తిగా కొత్తవి. కొత్త ఈఎఫ్‌బీ (ఐప్యాడ్‌లోని ఫ్లయిట్ బ్యాగ్) యాప్, కొత్త లోడ్‌షీట్ (విమానం బరువుల లెక్క) ఫార్మాట్, మీరెప్పుడూ వెళ్లని ఎయిర్‌పోర్టులు. వీటితో పెద్ద భయం లేదు. కొత్తదని మీకే తెలుసు కాబట్టి జాగ్రత్తగానే ఉంటారు.

మూడో కుప్ప, కాస్త మాత్రమే మారినవి. ప్రమాదమంతా ఇక్కడే. ఇరవై ఏళ్లుగా వంట చేస్తున్న ఇల్లాలి పోపుల పెట్టెలో ఆవాల గిన్నె, జీలకర్ర గిన్నె ఎవరో అటూ ఇటూ మార్చారనుకోండి. పెట్టె అదే, గిన్నెలు అవే, ఆమె చూడనైనా చూడదు, చేయి దానంతటదే పాత చోటికే వెళ్తుంది. ఒకే రకం విమానం నడిపే రెండు కంపెనీలు కలిసినప్పుడు జరిగేదీ ఇదే. వేరే రకం విమానానికి మారితే నెలల తరబడి గ్రౌండ్ స్కూలూ సిమ్యులేటరూ ఉంటాయి. అదే విమానం, ఎస్‌ఓపీ మాత్రం మారితే? చాలాచోట్ల కంప్యూటర్ మాడ్యూళ్లు, మహా అయితే ఒకట్రెండు సిమ్ సెషన్లు. అమెరికాలో యునైటెడ్, కాంటినెంటల్ కలిసినప్పుడు, 2011లో, యునైటెడ్ పైలట్ల సంఘం ఇదే విషయం మీద కోర్టుకెళ్లింది, కంప్యూటర్ పాఠాలతో సరిపెడితే చాలదని. కాబట్టి ఇబ్బంది మీ ఒక్కరిదే అనుకోకండి.

ఏ పుస్తకంలో ఏముంటుందో ఓసారి గుర్తు చేసుకోండి:

- ఆపరేషన్స్ మాన్యువల్ పార్ట్ ఏ: కంపెనీ మొత్తానికి వర్తించే రూల్స్. ఫ్యూయల్ పాలసీ, డ్యూటీ టైమ్, మినిమా (టేకాఫ్, ల్యాండింగ్‌కి కావలసిన కనీస వాతావరణం), ఎవరికి ఏ అధికారం. మెర్జర్ తర్వాత ఎక్కువ ఆశ్చర్యాలు ఇందులోనే.
- పార్ట్ బీ: మీ విమానానికి సంబంధించిన ఎస్‌ఓపీ.
- పార్ట్ సీ: రూట్లు, ఎయిర్‌పోర్టులు.
- పార్ట్ డీ: ట్రైనింగ్, చెక్‌లు.

చదివే వరస: బీ, తర్వాత ఏ, తర్వాత మీకు రోస్టర్‌లో పడే ఎయిర్‌పోర్టుల వరకు సీ. డీని చెక్ దగ్గరపడ్డాక చూడొచ్చు.

## 2. కాగితాల పని, నెల ముందే

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కానీ చివరి వారానికి వదిలేస్తే టెన్షన్ మాత్రం గ్యారంటీ. ఒక సాయంత్రం కూర్చుని ఇవన్నీ చూసుకోండి:

- ☐ లైసెన్స్, మెడికల్, పీపీసీ (పైలట్ నైపుణ్య పరీక్ష), ఐఆర్ (ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్), లైన్ చెక్ తేదీలు కొత్త కంపెనీ సిస్టమ్‌లో సరిగ్గా ఎక్కాయా? ఒక్కో తేదీని మీ దగ్గరున్న కాగితంతో పోల్చండి.
- ☐ సీఆర్‌ఎమ్ (క్రూ సమన్వయం), డేంజరస్ గూడ్స్, ఎమర్జెన్సీ డ్రిల్స్ రికరెంట్ల (మళ్లీ మళ్లీ చేసే శిక్షణల) రికార్డులు
- ☐ క్యాట్ 3 (దట్టమైన పొగమంచులో దిగే) అర్హత, లో విజిబిలిటీ టేకాఫ్ అర్హత
- ☐ కొత్త కంపెనీ పేరు మీద ఏఈపీ (ఎయిర్‌పోర్టు ఎంట్రీ పాస్)
- ☐ రోస్టర్ యాప్, ఈమెయిల్, ఈఎఫ్‌బీ లాగిన్‌లు. ఒక్కోదాన్నీ నిజంగా తెరిచి చూడాలి.
- ☐ డ్యూటీకి ముందు బ్రెత్ అనలైజర్ టెస్ట్ ఏ గదిలో, ఎంత ముందు
- ☐ క్రూ షెడ్యూలింగ్, డిస్పాచ్, మెయింటెనెన్స్ కంట్రోల్ ఫోన్ నంబర్లు

క్యాట్ 3 గురించి మాత్రం గట్టిగా చెబుతాను. నవంబర్‌లో మెర్జర్ జరిగితే వెనకాలే ఢిల్లీలో పొగమంచు మొదలవుతుంది. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున ఆ అర్హత రికార్డుల్లో ఎక్కలేదని తెలిస్తే మీ ఫ్లైట్ జైపూర్‌కో లక్నోకో దారి మళ్లాల్సి వస్తుంది. ఎక్కించాల్సింది ఆఫీసువాళ్లే, కానీ అడగాల్సింది మీరు.

బ్రెత్ అనలైజర్ కూడా అంతే. పాత చోట టెర్మినల్ లోపల ఉండేది, కొత్త చోట ఇంకో బిల్డింగ్‌లో ఉండొచ్చు. మర్చిపోయానంటే వినే విషయం కాదది.

## 3. తేడాల నోట్‌బుక్: అసలు పని ఇదే

కంపెనీ ఒక తేడాల పట్టిక పంపుతుంది. తీసుకోండి, చదవండి. అయితే దాన్ని రాసినవాళ్లకి సాధారణంగా రెండు కంపెనీల్లో ఒకదాని అలవాట్లే బాగా తెలుసు. మాన్యువల్‌లో లేకుండా మీ బేస్‌లో అందరూ చేసే పనులు కొన్ని ఉంటాయి చూడండి, అవి ఆ పట్టికకి ఎక్కవు. అందుకే మీ పట్టిక మీరే రాసుకోవాలి.

పద్ధతి ఇది.

మొదట, మీకు బాగా తెలిసిన ఒక చిన్న సెక్టార్ (ఒక టేకాఫ్ నుంచి ఒక ల్యాండింగ్ దాకా) తీసుకోండి. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం అనుకుందాం. రిపోర్టింగ్ నుంచి విశాఖలో ఇంజిన్లు ఆపి షట్‌డౌన్ చెక్‌లిస్ట్ పూర్తి చేసేదాకా, పాత పద్ధతిలో, పుస్తకం చూడకుండా, అడుగడుగూ రాయండి. ఎవరు ఏం ముట్టుకుంటారు, ఎవరు ఏమంటారు, అవతలివాళ్లు ఏం జవాబిస్తారు. నాకు రెండు సాయంత్రాలు, పదకొండు పేజీలు పట్టింది. చేతితోనే రాయండి, టైప్ చేస్తే సగం దాటేస్తారు.

తర్వాత కొత్త పార్ట్ బీ తెరిచి, మీరు రాసిన ఒక్కో అడుగు పక్కన కొత్తది రాయండి. ఒకేలా ఉంటే టిక్ పెట్టి ముందుకెళ్లండి.

తేడా కనిపించిన చోట పక్కన ఒక గుర్తు పెట్టండి. నేను మూడు గుర్తులే వాడాను:

- "చే" అంటే చేయి. స్విచ్, లీవర్, వాటి వరస, ఎవరు కదపాలి.
- "నో" అంటే నోరు. కాల్‌అవుట్ (ఒక దశలో పైకి చెప్పాల్సిన నిర్ణీత మాట), జవాబు, చెక్‌లిస్ట్ అడిగే మాట.
- "అం" అంటే అంకె. వేగం, ఎత్తు, విజిబిలిటీ, నిమిషాలు, కిలోలు.

ఈ మూడింటికీ చెందని తేడా, అంటే మాన్యువల్‌లో వాక్యం మారింది గానీ మీరు చేసేది మారలేదు, అలాంటిది నోట్‌బుక్‌లోకి రానివ్వకండి. నా మొదటి ప్రయత్నంలో అన్నీ రాసేసి నలభై పేజీల పుస్తకం చేశాను, మళ్లీ తెరిస్తే ఒట్టు.

పూర్తయ్యేసరికి నాలుగైదు పేజీలు మిగలాలి. అంతకన్నా ఎక్కువుంటే ఇంకా వడపోయాలి.

- ☐ పాతది జ్ఞాపకం నుంచే రాశాను, పుస్తకం చూడలేదు
- ☐ ప్రతి తేడాకీ చే, నో, అం గుర్తు ఉంది
- ☐ పైలట్ ఫ్లయింగ్‌గా (విమానం నడిపేవాడిగా) ఒకసారి, పైలట్ మానిటరింగ్‌గా (గమనించి సరిచూసేవాడిగా) ఒకసారి, రెండు వైపుల నుంచీ చూశాను
- ☐ అవతలి కంపెనీ నుంచి వచ్చిన స్నేహితుడొకరికి చూపించాను

చివరిదాన్ని వదలకండి. అవతలివాళ్లు మీ నోట్‌బుక్ చూసి "అదేంటి, మీరు ఇది ఇలా చేసేవాళ్లా?" అని నోరెళ్లబెట్టే చోటే మీకు తెలియని తేడా ఉంటుంది.

## 4. ఏ దశలో ఏది మారుతుంది

ఎక్కడెక్కడ వెతకాలో తెలిస్తే నోట్‌బుక్ పని సగమవుతుంది. నాకు తెలిసినంతవరకూ తేడాలు ఎక్కువగా దొరికే చోట్లు ఇవి.

బయల్దేరే ముందు. వాక్ అరౌండ్ ఎవరు చేస్తారు, ఎఫ్‌ఎమ్‌ఎస్‌లో (దారి, వేగం లెక్కలు చూసే కంప్యూటర్‌లో) డేటా ఎవరు ఎక్కిస్తారు, పర్ఫార్మెన్స్ లెక్క ఇద్దరూ విడివిడిగా చేసి పోల్చాలా లేక ఒకరు చేసి ఇంకొకరు చూడాలా. లోడ్‌షీట్ వచ్చాక చివరి నిమిషంలో ఎంతవరకు మార్పు ఒప్పుకోవచ్చు, ఎంత దాటితే కొత్త లోడ్‌షీట్ అడగాలి. ఇది అంకె, "అం" గుర్తు పెట్టి ఎర్ర ఇంకుతో రాసుకోండి. ఎక్స్‌ట్రా ఫ్యూయల్ వేయించుకోవడానికి కెప్టెన్ మాట చాలా, కారణం కోడ్ కూడా రాయాలా అన్నది కూడా.

టాక్సీ. ఒకే ఇంజిన్‌తో టాక్సీ ఏ పరిస్థితుల్లో చేయాలి, ఏ పరిస్థితుల్లో వద్దు, రెండో ఇంజిన్ ఎప్పుడు స్టార్ట్ చేయాలి. ఫ్లాప్స్ ఎప్పుడు పెట్టాలి. ఫ్లయిట్ కంట్రోల్ చెక్ ఆగి చేయాలా, కదులుతూ చేయాలా. చెక్‌లిస్ట్‌ని ఎక్కడ విడగొట్టారన్నది మరీ ముఖ్యం, పాత చోట లైనప్ క్లియరెన్స్ వచ్చాక చదివే ఐటమ్స్ కొత్త చోట అంతకుముందే అయిపోవచ్చు. అప్పుడు మీరు రన్‌వే మీద నిలబడి, ఎప్పుడో అయిపోయిన చెక్‌లిస్ట్ కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

టేకాఫ్. ఇక్కడ మాటలు తక్కువ, టైమ్ ఇంకా తక్కువ. ఎయిర్‌బస్‌లో 100 నాట్లకి కాల్ ఉంటుంది, బోయింగ్‌లో 80కి. ఎయిర్‌బస్‌వాళ్లు "పాజిటివ్ క్లైంబ్" అంటారు, బోయింగ్‌వాళ్లు "పాజిటివ్ రేట్" అంటారు. ఏఐఎక్స్ కనెక్ట్ నడిపింది ఎయిర్‌బస్, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ నడిపింది బోయింగ్ 737. రెండు రకాలూ ఒకే కంపెనీలో ఉన్నప్పుడు మీ ఫ్లీట్ మాట ఏదో, క్లాస్‌రూమ్‌లో పక్కవాడు చెప్పే మాట ఏదో కలిసిపోకుండా చూసుకోవాలి. మీ ఫ్లీట్ పుస్తకంలో ఉన్నదే మీది.

ఒకే ఫ్లీట్ అయినా తేడాలుంటాయి. ఎఫ్‌ఎమ్‌ఏ (ఆటోపైలట్ ఏ మోడ్‌లో ఉందో చూపే తెర భాగం) మీద వచ్చే ప్రతి మార్పునీ చదవాలని ఒక కంపెనీ అంటుంది, కొన్ని చదివితే చాలని ఇంకోటి అంటుంది. టేకాఫ్ రిజెక్ట్ చేసే (మధ్యలో ఆపేసే) అధికారం కెప్టెన్‌దేనా, థ్రస్ట్ లీవర్ల మీద ఎవరి చేయి ఉండాలి అన్నది తప్పకుండా చూడండి.

క్రూయిజ్. పెద్దగా ఏమీ ఉండదు. భోజనం, టాయిలెట్‌కి వెళ్లేటప్పుడు కాక్‌పిట్ డోర్ పద్ధతి, కేబిన్ క్రూ ఇంటర్‌కామ్ కోడ్ మాటలు. కేబిన్ క్రూ కూడా మారినవాళ్లే కాబట్టి డోర్ పద్ధతిని గాల్లో కాదు, గ్రౌండ్ మీద బ్రీఫింగ్‌లోనే తేల్చుకోండి.

అప్రోచ్. నోట్‌బుక్‌లో ఎక్కువ పేజీలు దీనికే వెళ్తాయి, వెళ్లాలి కూడా. స్టెబిలైజ్డ్ అప్రోచ్ గేట్ చూడండి, అంటే వేగం, ఫ్లాప్స్ అన్నీ కుదురుకుని ఉండాల్సిన ఎత్తు. ఫ్లయిట్ సేఫ్టీ ఫౌండేషన్ సిఫార్సు మబ్బుల్లో 1000 అడుగులు, కంటికి కనిపిస్తుంటే 500 అడుగులు. కొన్ని కంపెనీలు ఏ వాతావరణమైనా 1000 అడుగులే అంటాయి. 500కి అలవాటుపడిన చేయి 1000 దగ్గర ఇంకా ఫ్లాప్స్ పెడుతూ ఉంటుంది, అంటే వేగం తగ్గించడం మొదలుపెట్టాల్సిన చోటే కొన్ని మైళ్లు వెనక్కి జరగాలి. తేడా కాల్‌అవుట్‌లో ఉన్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి డిసెంట్ ప్లానింగ్‌లో ఉంది.

నాకు తగిలిన దెబ్బ కూడా ఇక్కడే. పాత కంపెనీలో 1000 అడుగుల దగ్గర మానిటరింగ్ పైలట్ "వన్ థౌజండ్" అంటే ఫ్లయింగ్ పైలట్ "చెక్‌డ్" అనేవాడు. కొత్త కంపెనీలో జవాబు "స్టేబుల్" లేదా "గో అరౌండ్" (దిగకుండా మళ్లీ పైకి లేవడం), మధ్యలో ఇంకోటి లేదు. కొత్త పద్ధతి మొదలైన పదకొండో రోజు, రాత్రి మూడో సెక్టార్, నా నోట్లోంచి "చెక్‌డ్" అని వచ్చేసింది. పక్కన కుర్రాడు అవతలి కంపెనీ నుంచి వచ్చినవాడు. వాడికి రావలసిన మాట రాలేదు, ఒకట్రెండు సెకన్లు ఆగాడు, తర్వాత "కన్ఫర్మ్ స్టేబుల్, సర్?" అన్నాడు. విమానం స్టేబుల్‌గానే ఉంది, ఏమీ కాలేదు. కానీ వాడు అడగకుండా ఊరుకుని ఉంటే, నిజంగా స్టేబుల్ కాని రాత్రి కూడా అలాగే ఊరుకునేవాడు కదా. దిగాక కాఫీ ఇప్పించాను.

ల్యాండింగ్, ఆ తర్వాత. ఫ్లాప్స్ కాన్ఫిగ్ 3 ఎప్పుడు, ఫుల్ ఎప్పుడు, రివర్స్ ఐడిల్‌లోనా ఇంకా ఎక్కువా, ఏ గాలిలో ఎఫ్‌ఓ (ఫస్ట్ ఆఫీసర్, అంటే కో పైలట్) ల్యాండ్ చేయొచ్చు. కోజికోడ్, మంగళూరు లాంటి టేబుల్‌టాప్ (కొండ మీద చదును చేసిన, చివర్లు లోయలోకి పడే) రన్‌వేలకి, లేహ్‌కి ఎవరు అర్హులు, ఎఫ్‌ఓ ల్యాండింగ్ కుదురుతుందా అన్నది పార్ట్ సీలో ప్రత్యేకంగా చూడండి. రన్‌వే దాటాకే ఫ్లాప్స్ ముట్టుకోవాలన్న నియమం దాదాపు అందరిదీ, కానీ అడిగి తీయాలా, అడక్కుండానే ఫ్లోలో తీయాలా అన్నది మారుతుంది.

## 5. ప్రాక్టీస్: రెండు వారాలు, రోజుకి ఇరవై నిమిషాలు

నోట్‌బుక్ రాయడం సగం పని. రాసింది చేతికీ నోటికీ ఎక్కించడం మిగతా సగం, మనవాళ్లు ఎగ్గొట్టేది ఇదే.

1. మొదటి నాలుగు రోజులు ఫ్లోలు (స్విచ్‌లు వరసగా సరిచూసే చేతి వరస) మాత్రమే. కాక్‌పిట్ పోస్టర్ గోడకి అంటించి కుర్చీ వేసుకుని, చేయి నిజంగా పోస్టర్ మీద తాకిస్తూ చేయండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.
2. తర్వాత నాలుగు రోజులు కాల్‌అవుట్లు. పైకి అనాలి. మనసులో అనుకుంటే నోరు తిరగదు.
3. తర్వాత మూడు రోజులు ఇద్దరు కలిసి. అవతలి కంపెనీ నుంచి వచ్చినవాళ్లు దొరికితే మరీ మంచిది. వీడియో కాల్ అయినా చాలు, ఒకరు ఫ్లయింగ్, ఒకరు మానిటరింగ్, మళ్లీ తారుమారు.
4. అంకెలు చివరి మూడు రోజులు. ముందే కంఠతా పట్టినా ప్రయోజనం తక్కువ, మర్చిపోతారు.

ఒక హెచ్చరిక. మొదటి వారం దాటాక పాతదాన్ని పక్కన పెట్టి పోల్చడం ఆపేయండి. "పాతది ఇలా, కొత్తది అలా" అని పదేపదే అనుకుంటుంటే పాతదాన్నే ఇంకా గట్టిగా చదువుతున్నట్టు. నోట్‌బుక్‌లో ఎడమ వైపు కాలమ్‌ని కాగితంతో కప్పేయండి.

## 6. కటోవర్ (కొత్త పద్ధతికి మారే) రోజు

తేదీ మారే రాత్రి మీకు డ్యూటీ ఉంటే ముందురోజు బాగా పడుకోండి. ఆ రోజు తప్పులు ఎక్కువగా దొర్లేది రేడియో మీద.

విస్తారా ఫ్లైట్లకి యూకే కోడ్ పోయి ఏఐ కోడ్ వచ్చింది, నంబర్లు 2తో మొదలయ్యే నాలుగంకెలయ్యాయి. ఏఐఎక్స్ కనెక్ట్‌వాళ్లు "రెడ్ నైట్" అని పిలిపించుకునేవాళ్లు, ఇప్పుడు "ఎక్స్‌ప్రెస్ ఇండియా". అమెరికాలో యూఎస్ ఎయిర్‌వేస్ "కాక్టస్", వర్జిన్ అమెరికా "రెడ్‌వుడ్" కూడా ఇలాగే పోయాయి. ఏళ్ల తరబడి ఒక పేరు వినగానే తల తిప్పిన మనిషికి కొత్త పేరు చెవికెక్కడానికి వారాలు పడుతుంది. ఏటీసీ మిమ్మల్ని పిలుస్తూనే ఉంటుంది, మీరు వేరెవర్నో అనుకుంటారు. పైగా ఇప్పుడు ఫ్రీక్వెన్సీలో ఒకే పేరుతో రెండింతల విమానాలు, చివరి మూడంకెలూ కలిసేవి కూడా ఉండొచ్చు.

- ☐ కొత్త కాల్‌సైన్ (రేడియోలో పిలిచే పేరు) పెద్ద అక్షరాలతో రాసి ఇద్దరికీ కనిపించే చోట పెట్టండి
- ☐ ఫ్లయిట్ ప్లాన్‌లో, ఎఫ్‌ఎమ్‌ఎస్‌లో, ట్రాన్స్‌పాండర్‌లో ఒకటే ఉందో లేదో చూడండి
- ☐ రీడ్‌బ్యాక్‌లో పూర్తి కాల్‌సైన్ చెప్పండి, కుదించొద్దు
- ☐ అదే ఫ్రీక్వెన్సీలో దగ్గరి నంబర్ వినిపిస్తే వెంటనే పక్కవారికి చెప్పండి
- ☐ ఒక నిమిషంపాటు మిమ్మల్ని పిలవలేదనిపిస్తే మీరే అడగండి
- ☐ ప్యాసింజర్ అనౌన్స్‌మెంట్ కాగితం చూసి చదవండి. పాత కంపెనీ పేరు చెప్పి నాలుక కరుచుకున్న కెప్టెన్లు చాలామందే ఉన్నారు.

## 7. కలగాపులగం కాక్‌పిట్: మొదటి రెండు నిమిషాలు

ఎడమ సీట్లో ఒక కంపెనీ మనిషి, కుడి సీట్లో ఇంకో కంపెనీ మనిషి. ఇద్దరికీ కొత్త పుస్తకం వచ్చు, ఇద్దరి చేతుల్లోనూ పాతదే ఉంది. మొహమాటం వద్దు, విమానం ఎక్కగానే మాట్లాడేసుకోండి.

నేను వాడే మాటలు ఇవి, కావాలంటే మీరూ వాడుకోండి: "నేను ఫలానా వైపు నుంచి వచ్చాను. కొత్త పద్ధతిలో ఇది నా ఆరో సెక్టార్. అప్రోచ్ కాల్స్ దగ్గర నాకు పాతది వచ్చేస్తోంది. తప్పు మాట విన్నా, రావలసిన మాట రాకపోయినా వెంటనే అడుగు. నీకు ఎక్కడ ఇబ్బందిగా ఉంది?"

చివరి ప్రశ్న తప్పకుండా వేయాలి. కెప్టెన్ తన బలహీనత ముందు చెబితేనే కుర్రాడు తనది చెబుతాడు. "అంతా ఓకే సర్" అని ఎవరైనా అంటే వదలకండి, ఏదో ఒకటి చెప్పేదాకా అడగండి.

ఎఫ్‌ఓలకి: "సర్, మా దగ్గర ఇలా చేసేవాళ్లం" అనే వాక్యాన్ని వాడకండి, వినేవాడికి మెర్జర్ గొడవలా వినిపిస్తుంది. "సర్, పార్ట్ బీలో ఇలా ఉంది, చూద్దామా?" అంటే అదే పని గొడవ లేకుండా అవుతుంది.

పక్కన మరో తెలుగువాడు దొరికితే సంతోషమే, గుంటూరు కబుర్లూ కరీంనగర్ కబుర్లూ క్రూయిజ్‌లో చెప్పుకోవచ్చు. 10,000 అడుగుల కింద మాత్రం స్టెరైల్ కాక్‌పిట్ (పనికి సంబంధం లేని మాటలుండవు), కాల్‌అవుట్లు అక్షరం పొల్లుపోకుండా పుస్తకంలో ఉన్న ఇంగ్లిష్‌లోనే. "ఆఁ, సరే" అన్న జవాబు చెక్‌లిస్ట్‌లో ఎక్కడా లేదు.

ఇద్దరికీ కొత్త పద్ధతి గుర్తురాలేదనుకోండి. టైమ్ ఉంటే పుస్తకం తెరవండి. టైమ్ లేకపోతే ఎక్కువ జాగ్రత్తైన దాన్ని ఎంచుకుని, పైకి చెప్పి చేసి, దిగాక చూసుకోండి. ఇద్దరూ పాత కంపెనీవాళ్లే అయినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. "పాతదే కానిచ్చేద్దాం" అన్న మాట నోటిదాకా వస్తుంది, అక్కడ అడ్డుకునేవాడు ఎవరూ ఉండడు.

## 8. ఇంజిన్ ఆగితే ఏ అలవాటు బయటకొస్తుంది

ఒత్తిడిలో చేయి ఎప్పుడూ పాతదానికే పోతుంది. మామూలు రోజున ముప్పై సెక్టార్లు తప్పు లేకుండా చేసినవాళ్లు కూడా సిమ్‌లో ఇంజిన్ ఫెయిల్యూర్ ఇవ్వగానే పాత కంపెనీ మాటలు మాట్లాడతారు. సిమ్ బుక్ అయినప్పుడు ఇన్‌స్ట్రక్టర్‌ని ముందే అడగండి: చెక్ కోసం కాకుండా ఈ కింది నాలుగూ కొత్త పద్ధతిలో చేయించమని.

- టేకాఫ్ రిజెక్ట్: ఎవరు "స్టాప్" అంటారు, ఆగాక కేబిన్‌కి ఎవరు ఏం చెబుతారు
- వీ1 (ఇక ఆపకూడని వేగం) తర్వాత ఇంజిన్ ఫెయిల్యూర్: ఈకామ్ (లోపాలు, చేయాల్సిన పనులు చూపే తెర) పని ఏ ఎత్తు దాటాక మొదలు, రేడియో ఎవరి చేతిలో
- అనుకోని గో అరౌండ్, అదీ రెండు ఇంజిన్లతో. అందరూ ఇంజిన్ ఫెయిల్యూర్ సాధన చేస్తారు, లైన్‌లో ఎక్కువగా వచ్చేది ఇది.
- పైలట్‌కి ఒంట్లో బాగోకపోతే: ఎన్నిసార్లు పిలిచాక జవాబు లేకుంటే కంట్రోల్ తీసుకోవాలి

నాలుగోదానికీ కాల్‌అవుట్లకీ లింకుంది. రావలసిన జవాబు రాకపోతే, ఒంట్లో బాగోలేదా లేక పాత అలవాటు పలికిందా అన్నది పక్కవారికి వెంటనే తెలియదు. జవాబుల్ని అక్షరాలా చెప్పమని ఇంత పట్టుబట్టేది అందుకే.

## 9. తరచూ పప్పులో కాలేసే చోట్లు, సవరణలు

పాత స్క్రీన్‌షాట్లు, పాత నోట్సు ఐప్యాడ్‌లో అలాగే ఉంచుకోవడం. కటోవర్ రోజే తీసేయండి. తొందర్లో వేలు తగిలేది వాటికే.

చెక్‌లిస్ట్‌ని జ్ఞాపకం నుంచి చెప్పడం. పాత చెక్‌లిస్ట్ వెయ్యిసార్లు చదివారు, నోరు దానంతటదే పరిగెడుతుంది. కొన్ని నెలలు వేలు పెట్టి, చూసి, చదవండి.

తప్పు దొర్లాక దాని గురించే ఆలోచిస్తూ ఉండిపోవడం. "అయ్యో, పాత మాట వచ్చేసింది" అనుకునే లోపు ఇంకో మూడు పనులు దాటిపోతాయి. "కరెక్షన్" అని సరైన మాట చెప్పి ముందుకెళ్లండి, దిగాక నోట్‌బుక్‌లో రాయండి.

వాట్సాప్ గ్రూపులో ఎస్‌ఓపీ అడగడం. జవాబులు పది వస్తాయి, అందులో నాలుగు పాత రివిజన్‌వి. అడిగితే పేజీ నంబర్ అడగండి.

అలసిపోయి కొత్తది చేయడం. కొత్త పద్ధతికి బుర్ర ఎక్కువ ఖర్చవుతుంది, నాలుగో సెక్టార్‌కి ఆ తేడా తెలుస్తుంది. ఫటీగ్ రిపోర్ట్ ఎవరికి, ఏ యాప్‌లో ఇవ్వాలో ముందే తెలుసుకోండి, కొత్త కంపెనీ డ్యూటీ టైమ్ స్కీమ్‌ని ఒకసారి పూర్తిగా చదవండి. 2025 జులై 1 నుంచి వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకి పెరిగింది కాబట్టి, అంతకుముందు నోట్ చేసుకున్న అంకెలు చెల్లవు.

రిపోర్ట్ చేయడానికి వెనకాడటం. రెండు పద్ధతులు ఢీకొట్టిన చోట మీకొక్కరికే కాదు, వందలమందికి అదే ఇబ్బంది. సేఫ్టీ రిపోర్ట్ రాయండి. "నేను తప్పు చేశాను" అన్నట్టు కాకుండా, ఏ పేజీలో ఏ వాక్యం రెండు రకాలుగా అర్థమవుతోందో రాయండి. అలా రాసినవే తర్వాతి రివిజన్‌లో మారతాయి.

## 10. మొదటి 90 రోజులు

1 నుంచి 10 రోజులు
- ☐ ప్రతి డ్యూటీకి ముందు నోట్‌బుక్ పూర్తిగా ఒకసారి
- ☐ ప్రతి సెక్టార్ తర్వాత ఒక్క నిమిషం: ఏ మాట తప్పింది, ఏ చేయి తప్పింది
- ☐ టర్న్‌అరౌండ్‌లో తొందర పెడితే, ఐదు నిమిషాల ఆలస్యానికి సిద్ధపడండి

11 నుంచి 45 రోజులు
- ☐ "బాగానే వస్తోంది" అనిపించేది ఇప్పుడే, తప్పులు ఎక్కువగా దొర్లేదీ ఇప్పుడే. బ్రీఫింగ్‌లో మీ బలహీనత చెప్పడం ఆపకండి.
- ☐ వారానికొకసారి గో అరౌండ్, రిజెక్టెడ్ టేకాఫ్ మాటలు పైకి అనుకోండి
- ☐ కొత్త రివిజన్ వస్తే నోట్‌బుక్ మార్చండి. మెర్జర్ కొత్తలో రివిజన్లు వరసగా వస్తాయి.

46 నుంచి 90 రోజులు
- ☐ సెలవు నుంచి తిరిగొస్తే మళ్లీ మొదటి పది రోజుల పద్ధతి. పది రోజులు ఊళ్లో గడిపి వచ్చిన మొదటి ఫ్లైట్లో పాత కాల్‌అవుట్ రావడం నేనే చూశాను.
- ☐ వరసగా పది సెక్టార్లు కొత్తగా రాయాల్సిన తప్పు ఏదీ లేకపోతే నోట్‌బుక్ బ్యాగులోంచి తీసేయొచ్చు. పారేయకండి, తర్వాతి సిమ్ చెక్ ముందు రాత్రి ఒకసారి తిరగేయడానికి పనికొస్తుంది.